పక్క సీట్లో నాన్న: ఐస్‌లాండ్ చుట్టూ తొమ్మిది రోజులు

కెఫ్లావిక్ ఎయిర్‌పోర్టు దగ్గర కారు అద్దెకిచ్చే ఆఫీసులో తాళం చేతిలో పెడుతూ ఆ అబ్బాయి మొట్టమొదట చెప్పింది తలుపు గురించి. "ఎక్కడ దిగినా తలుపు రెండు చేతులతో పట్టుకుని తియ్యండి. గాలికి తలుపు విరిగితే మా ఇన్సూరెన్సులేవీ వర్తించవు" అన్నాడు. నేను తెలుగులో చెప్పగానే నాన్న అద్దంలోంచి బయటి జెండా వైపు చూశాడు. "గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని బండి మూతి అటు పెట్టు తల్లీ. అప్పుడు గాలే తలుపును లోపలికి తోస్తుంది, విరగదు" అన్నాడు. ఆ తొమ్మిది రోజులూ స్టీరింగు నా చేతిలో ఉన్నా, దారి చూసింది మాత్రం ఎక్కువగా నాన్నే.

నాన్న 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. మార్కాపురం డిపో. సర్వీసులో సగానికి పైగా దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డులోనే గడిచింది. రిటైరయ్యాక అమ్మతో కలిసి మొదటిసారి మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చారు. కోటలూ చర్చిలూ చూపిస్తే మర్యాదకి చూశాడు కానీ, కారులో ఆల్ప్స్ వైపు తీసుకెళ్లినప్పుడే మనిషి ముఖం వెలిగింది. అందుకే ఐస్‌లాండ్ అనుకున్నాను. ఆ దేశాన్ని చుట్టి వచ్చే రోడ్డు ఒకటుంది. ఒకటో నంబరు రోడ్డు, రింగ్ రోడ్డు అంటారు. సుమారు 1,320 కిలోమీటర్లు. ఐస్‌లాండ్ 2001 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, ఉంది కాబట్టి వాళ్ల జర్మనీ వీసానే సరిపోయింది. మా వారికి సెలవు దొరకలేదు. 2023 సెప్టెంబర్ రెండో వారంలో మేం ముగ్గురమే బయల్దేరాం.

నాది జర్మనీ లైసెన్సు. మన లైసెన్సు జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది, తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ మళ్లీ పాసవ్వాలి. కాబట్టి కుడివైపు నడపడం నాకు అలవాటే. నాన్న ఊళ్లోంచి బయల్దేరే ముందు "ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోనా?" అని ఫోన్లో అడిగాడు. "ఎందుకు నాన్నా, నువ్వు హాయిగా కూర్చో, నేను తిప్పుతాను" అన్నాను. ప్రేమతోనే అన్నాను. కానీ జీవితమంతా బండి నడిపిన మనిషిని అలాంటి రోడ్డు మీద పక్క సీట్లో కూర్చోబెట్టడం తప్పని రెండో రోజుకే అర్థమైంది. మీ ఇంట్లో నడపగలిగినవాళ్లు ఇద్దరుంటే ఇద్దరి పేర్లూ అద్దె కాగితంలో రాయించుకోండి. అక్కడ అలసటతో నడపకూడదు.

కారు డస్టర్, డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్, గేర్లున్నది. ఇన్సూరెన్సు దగ్గర నేను కాస్త గింజుకున్నాను. అసలు బీమా కాకుండా కంకర రాళ్లకి వేరే, ఇసుక, బూడిద తుపానుకి వేరే అడుగుతారు. రోజుకింత చొప్పున లెక్కేస్తే బాగానే అవుతుంది. "కంకర రోడ్డంటున్నావు, ఎదురు బండి రాయి విసరకుండా ఉంటుందా? కట్టెయ్" అన్నాడు నాన్న. రెండూ కట్టాను. ఎంత బీమా కట్టినా, బండిని వాగులో దించి కింది భాగం పాడైతే డబ్బులు రావని మా కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. ఆ తర్వాత నాన్న అరగంట సేపు బండి చుట్టూ తిరిగాడు. టైర్లు నొక్కి చూశాడు, వంగి కింద చూశాడు, స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేవో చూశాడు, అద్దం మీద గోటితో తడిమాడు. నేను వెనకాలే వీడియో తీశాను. డ్యూటీ ఎక్కే ముందు డిపోలో ఇలాగే చేసేవాడట.

బయల్దేరాక మొదటి గంట రౌండ్ ఎబౌట్లతోనే సరిపోయింది. రెండు వరసల రౌండ్ ఎబౌట్లో లోపలి వరసలో ఉన్న బండికే బయటికి వెళ్లే హక్కు ఉంటుంది, బయటి వరసవాళ్లు ఆగి దారివ్వాలి. జర్మనీ అలవాటుతో వెళితే ఇక్కడ గుద్దుకుంటాం. పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసే ఉంచాలి. ఊళ్లలో 50, కంకర రోడ్డు మీద 80, తారు రోడ్డు మీద 90, అంతకు మించకూడదు. 90 తక్కువనిపిస్తుంది కానీ, రోడ్డుకి అంచు లేదు. తారు ఎక్కడ అయిపోతుందో అక్కడే పల్లం మొదలు. పక్కన పసుపురంగు గుంజలు వరసగా పాతి ఉంటాయి. వాటి విలువ తర్వాత తెలిసింది.

పెట్రోలు బంకుల్లో మనిషి కనపడడు. కార్డు పెట్టి, పిన్ నొక్కి, మనమే పట్టుకోవాలి. పిన్ లేని కార్డుతో వెళ్తే ఇబ్బందే. డీజిల్ లీటరు 300 క్రోనర్లు దాటింది, మన లెక్కలో దాదాపు 190 రూపాయలు. నాన్న పెట్టిన నియమం సగం ట్యాంకు. సగానికి దిగిందంటే, ముందు బంకు ఉందో లేదో చూడకుండా, కనపడినచోటే నింపాలి. చేతిలో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని రోజూ కిలోమీటర్లు, లీటర్లు రాసేవాడు.

రెండో రోజు సేల్యాలాండ్స్‌ఫోస్ చూశాం. అరవై మీటర్ల ఎత్తు నుంచి పడే ఆ జలపాతం వెనక్కి నడిచి వెళ్లొచ్చు. అమ్మ రెయిన్‌కోటు మీద చీర చెంగు కప్పుకుని మొత్తం చుట్టి వచ్చింది. అక్కడ గాలి లేదు. ముప్పై కిలోమీటర్లు పోయి స్కోగాఫోస్ దగ్గర ఆగేసరికి కొండ సందులోంచి గాలి ఉరుకుతోంది. నేను నాన్న మాట మర్చిపోయి గాలికి వీపు పెట్టి బండి ఆపాను. అమ్మ వెనక తలుపు కొద్దిగా తీసిందో లేదో, చేతిలోంచి లాక్కుపోయినట్టు తెరుచుకుంది. కీళ్ల దగ్గర 'కటక్' మని శబ్దం. నా గుండె ఆగినంత పనైంది. నాన్న దిగి, తలుపు మెల్లగా మూసి, తీసి, మళ్లీ మూసి చూశాడు. ఏమీ కాలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ రోజు నుంచి ముందు తను దిగి, వెనక తలుపు పట్టుకుని, అప్పుడు అమ్మని దింపేవాడు.

ఆ సాయంత్రం వీక్ అనే ఊరు చేరాం. ఊరి పక్కన రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం ఉంది. అక్కడి అలలు మన బీచిల్లో అలల్లా ఒకే తీరుగా రావు. నాలుగు చిన్నవి వచ్చాక ఉన్నట్టుండి ఒకటి చాలా పైకి వచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది. అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. అందుకే దారి మొదట్లో హెచ్చరిక లైట్లు పెట్టారు. మేం వెళ్లినప్పుడు ఎర్ర లైటు వెలుగుతోంది. పైనుంచే చూసి వెనక్కొచ్చాం. అయినా కొందరు కింద నీళ్ల దగ్గర నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నాకు కోపం వచ్చింది. వాళ్లని వెతకడానికి వెళ్లే సహాయ దళంలో ఉన్నది ఆ ఊళ్లో పని చేసుకునే మామూలు మనుషులు, జీతం లేకుండా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు.

మూడో రోజు గురించి వివరంగా చెప్పాలి.

ఆ రోజు మేం 270 కిలోమీటర్ల దూరంలో ఉన్న హోప్న్ చేరాలి. గది డబ్బులు ముందే కట్టేశాను, వెనక్కి రావు. దారిలో హిమానీనదం సరస్సు మీద పడవ టికెట్లు కూడా తీసుకున్నాను. పొద్దున లేచి వాతావరణ శాఖ పేజీ తెరిస్తే ఆగ్నేయ తీరానికి ఆరెంజ్ హెచ్చరిక, మధ్యాహ్నం నుంచి. అక్కడ హెచ్చరికలు పసుపు, ఆరెంజ్, ఎరుపు అని మూడు రంగుల్లో ఉంటాయి. రోడ్ల పరిస్థితి చూపించే మ్యాపులో మాత్రం మా దారి ఇంకా తెరిచే ఉంది. అప్పటికి ఎనిమిది. "మధ్యాహ్నం కదా నాన్నా, ఇప్పుడే బయల్దేరితే దాటేస్తాం" అన్నాను.

బస చేసిన ఇంటి పెద్దావిడ కాఫీ పోస్తూ మ్యాపులో ఓరాయ్‌వి ప్రాంతం మీద వేలు పెట్టింది. అక్కడ ఈదురుగాలి 38 అని చూపిస్తోంది. అది సెకనుకి మీటర్ల లెక్క. నాన్న నోటుపుస్తకంలో 3.6 పెట్టి గుణించాడు. గంటకి 137 కిలోమీటర్లు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు: "బయల్దేరదాం సరే. గాలి అనుకున్నదానికంటే గంట ముందే వచ్చిందనుకో, ఎక్కడ ఆపుతావు?"

మ్యాపు పెద్దది చేసి చూశాను. వీక్ దాటాక నల్ల ఇసుక మైదానం, తర్వాత లావా మైదానం, క్లాస్టుర్ అనే చిన్న ఊరు, మళ్లీ ఇసుక మైదానం. చెట్టు లేదు, ఇల్లు లేదు, చాటుగా ఒక గోడ లేదు. గాలి లేస్తే ఆ ఇసుకే కారు రంగు గీకేస్తుంది, అద్దాలు మసకబారుస్తుంది.

"గది డబ్బులు పోతాయి నాన్నా" అన్నాను, అప్పటికే సగం ఒప్పుకుని.

దోర్నాల దగ్గర అటవీ శాఖ గేటు సంగతి చెప్పాడు. రాత్రి తొమ్మిదికి గేటు పడితే తెల్లారి ఆరు దాకా ఎవరినీ వదలరు. ఒకసారి బస్సు నిండా శివరాత్రి భక్తులు, ఐదు నిమిషాలు ఆలస్యమై గేటు పడిపోయింది. జనం తిట్టారు, కాళ్లు పట్టుకోమన్నారు. గేటు దగ్గరే రాత్రంతా బస్సులో కూర్చున్నారు. "పొద్దున అందరూ దర్శనం చేసుకున్నారు. ఎవరికీ ఏం తక్కువ కాలేదు" అన్నాడు. నేను ఫోన్ చేసి ఇంకో రాత్రికి అక్కడే గది తీసుకున్నాను. పదకొండున్నరకి మ్యాపులో మా దారి ఎర్రగా మారింది. రోడ్డు మూసేశారు.

ఆ రోజంతా కిటికీలు మోగుతూనే ఉన్నాయి. మధ్యలో కాస్త తెరిపి ఇచ్చినప్పుడు కొండ మీది చర్చి దాకా వెళ్లొచ్చాం. ఆ ఊరి వెనక మంచు కింద కట్లా అనే అగ్నిపర్వతం ఉంది. చివరిసారి పెద్ద ఎత్తున పేలింది 1918లో. మళ్లీ పేలితే మంచు కరిగి వరద వస్తుంది కాబట్టి ఊరి జనమంతా ఎక్కాల్సిన చోటు ఆ చర్చే. అమ్మ చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్లి దణ్ణం పెట్టుకొచ్చింది. ఇంటికొచ్చి ఆ పెద్దావిడ వంటగదిలో అన్నం, టమాటా పప్పు వండింది. ఈ దేశంలో స్కైర్ అనే గట్టి పెరుగు దొరుకుతుంది, అన్నంలోకి అది మరీ గట్టి. దాని పక్కనే ఏబీ మ్యోల్క్ అని డబ్బాలో ఇంకొకటి ఉంటుంది, సాదాది తీసుకుంటే అచ్చం మన మజ్జిగ పెరుగే. దాంతో ఆవకాయ. బయట గాలికి ఇల్లు ఊగుతోంది, మేం ముగ్గురం పెరుగన్నం తింటున్నాం. ఈ ప్రయాణంలో నాకు ఎక్కువగా గుర్తొచ్చే పూట అదే.

నాలుగో రోజు ఆకాశం కడిగినట్టుంది. వీక్ దాటిన గంటకి రోడ్డు పక్క పల్లంలో ఒక క్యాంపర్ వ్యాను పక్కకి ఒరిగి పడి ఉంది. లోపల ఎవరూ లేరు. నాన్న తల తిప్పి చూశాడు, ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తర్వాత ఎల్‌ద్‌హ్రోన్ లావా మైదానం. కంటికి ఆనినంత దూరం గుండ్రటి రాళ్ల మీద మెత్తటి ఆకుపచ్చ నాచు. 1783 జూన్‌లో లాకి అనే అగ్నిపర్వతం పగుళ్లలోంచి మొదలై ఎనిమిది నెలలు పొంగిన లావా ఇది. ఆ విషపు పొగకి గడ్డి, పశువులు పోయి, ఆ కరువులో దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు చనిపోయారు. ఆ రాళ్ల మీద ఇంత నాచు పట్టడానికి వందల ఏళ్లు పట్టింది. ఒక్క అడుగు వేస్తే ఆ గుర్తు ఎన్నో ఏళ్లు ఉండిపోతుంది. రోడ్డు దిగి బండి నడపడం అక్కడ నేరం, జరిమానా గట్టిగా ఉంటుంది. అమ్మ రోడ్డు అంచున కూర్చుని చేతికందిన నాచు మీద అరచెయ్యి ఆనించి లేచింది, అంతే.

ఒంటి వరస వంతెనల గురించి చెప్పాలి. దక్షిణాన, తూర్పున ఇంకా చాలా ఉన్నాయి. ముందు 'ఏన్‌బ్రేద్ బ్రూ' అని బోర్డు ఉంటుంది. వంతెనకి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లు ముందు వెళ్లాలి, రెండోవాళ్లు ఆగాలి. మొదటి వంతెన దగ్గర ఎదురుగా వస్తున్న కారు అవతల ఆగి లైట్లు కొట్టింది. నాన్న గబుక్కున "ఆపు, ఆపు, వాడు వస్తున్నాడు!" అన్నాడు. బ్రేకు వేశాను. వాడు రాడు. మేం పోం. మళ్లీ లైట్లు కొట్టాడు. అప్పుడు వెలిగింది. మన దగ్గర లైట్లు కొడితే 'నేను వస్తున్నా, నువ్వు ఆగు' అని. అక్కడ 'నేను ఆగాను, నువ్వు రా' అని. సరిగ్గా తిరగేసి. మన ఊరి నుంచి వెళ్లి యూరప్‌లో నడిపేవాళ్లు ఈ ఒక్కటీ బాగా గుర్తు పెట్టుకోవాలి, ప్రాణం మీదకి వచ్చే తేడా ఇది. వంతెన దాటుతూ నాన్న ఎదుటివాడికి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత ప్రతి వంతెన దగ్గరా పెట్టాడు. వాళ్లూ చెయ్యి ఊపేవాళ్లు.

స్కేదారార్‌సాందుర్ ఇసుక మైదానంలో, రోడ్డు పక్కన వంకర తిరిగిన పెద్ద ఇనుప దూలాలు రెండు నిలబెట్టి ఉన్నాయి. కొబ్బరి మట్ట మెలి తిప్పినట్టు ఉన్నాయి. ఆగి బోర్డు చదివాను. రింగ్ రోడ్డులో చివరి ముక్క పూర్తయింది ఇక్కడే, 1974 జూలైలో. అంతకుముందు హోప్న్ జనం రాజధానికి రోడ్డు మీద వెళ్లాలంటే ఉత్తరం వైపు దేశమంతా చుట్టి వెళ్లాల్సి వచ్చేది. 1996 సెప్టెంబర్ 30న వాత్నాయోకుల్ మంచు కింద అగ్నిపర్వతం పేలింది. దేశంలో దాదాపు 8 శాతం ఆ ఒక్క మంచు దుప్పటి కిందే ఉంది. కరిగిన నీళ్లు ఐదు వారాలు లోపలే నిండి, నవంబర్ 5న ఒక్కసారిగా బయటికి తోసుకొచ్చాయి. ఇళ్లంతటి మంచు గడ్డలు కొట్టుకొచ్చి వంతెనల్ని విరిచేశాయి. ఈ దూలాలు ఆ వంతెనవే.

నేను చదువుతుంటే నాన్న తేదీ మళ్లీ చదవమన్నాడు. "1996 నవంబర్ 5."

"మన తుపాను 6న" అన్నాడు.

కోనసీమ తుపాను. మా మేనత్తది ముమ్మిడివరం దగ్గర పల్లె. ఆ రాత్రి వాళ్లు గుడి మంటపంలో తల దాచుకున్నారు. మూడు రోజుల దాకా కబురు లేదు. నాన్న సెలవు పెట్టి బస్సులు మారి, చివర్లో నడిచి వెళ్లాడట. దారి పొడుగునా పడిపోయిన కొబ్బరి చెట్లే. అత్తావాళ్లు బతికారు, వాళ్ల పక్కింటివాళ్లు ముగ్గురు లేరు. ఆ తుపాను వెయ్యి మందికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. ఇదంతా మాకు తెలిసిన కథే, కానీ ఆ వంకర ఇనుము ముందు నిలబడి నాన్న చెప్తుంటే కొత్తగా విన్నట్టుంది. "ఇక్కడ ఎంతమంది పోయారు?" అని అడిగాడు. ఒక్కరు కూడా పోలేదు. నీళ్లు వస్తాయని ముందే కాచుకుని కూర్చున్నారు, రోడ్డు మూసేశారు. నాన్న ఆ దూలం మీద చెయ్యి వేసి చాలా సేపు నిలబడ్డాడు. "ముందే తెలిసింది వీళ్లకి" అని ఒక్క మాట అన్నాడు.

యోకుల్‌సార్‌లోన్ సరస్సులో తేలే నీలి మంచు గడ్డలు, వాటి మధ్య తలెత్తే సీల్ చేపలు, కాదు, చేపలనకూడదు, అవి క్షీరదాలు, అమ్మ మాత్రం 'నీటి కుక్కపిల్లలు' అంది. పడవ టికెట్లు పోయినా ఒడ్డు నుంచే రెండు గంటలు చూశాం. అక్కడి గురించి ఎంతోమంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఐదో రోజు తూర్పు తీరం. ద్యూపివోగుర్ దాటాక రెండు దారులు. రింగ్ రోడ్డు తీరం వెంబడి చాలా చుట్టు తిరిగి వెళ్తుంది. 939 నంబరు ఓక్సి కనుమ దారి బాగా దగ్గర, కానీ కంకర, నిలువు ఎక్కుడు. కొన్నిచోట్ల వాలు 17 శాతం. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ దారుల్లోకి ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్లకూడదు. ఇది ఆ కోవలోది కాదు కాబట్టి కాగితం ప్రకారం ఏ కారైనా వెళ్లొచ్చు. నేను తీరం దారే అనుకున్నాను, వీక్‌లో నాన్న అంత జాగ్రత్త చెప్పాడు కదా. ఆయన మాత్రం కొండ వైపు చూస్తూ, "గాలి లేదు, వాన లేదు, రోడ్డు పొడిగా ఉంది. మ్యాపులో తెరిచే ఉంది. ఇది ఘాటు తల్లీ, భయపడేది కాదు. వెళ్దాం" అన్నాడు. ఆయన గొంతులో అంత ఉత్సాహం ఎన్నో ఏళ్లుగా వినలేదు.

ఎక్కడం మొదలయ్యే ముందే రెండో గేరులో వెయ్యమన్నాడు. మధ్యలో మార్చబోతే బండి ఊపు పోతుంది. "రేసు ఒకటే తీరున ఉంచు. మలుపులో లోపలి అంచుకి పోకు, వెనక చక్రం లోతు గుంటలో పడుద్ది. కంకర మీద బ్రేకు గట్టిగా తొక్కకు, బండి జారుద్ది. ముందు చూపు మలుపు చివర పెట్టు, బానెట్ మీద కాదు." ఒక్కో మాటా సరిగ్గా నాకు అవసరమైన క్షణానికి ముందు చెప్పాడు. ఎదురుగా జీపొకటి దిగుతుంటే, ఎక్కే బండికి ఊపు పోకూడదని వాడే ఆగి దారిచ్చాడు. శ్రీశైలం దారిలోనూ ఇదే పద్ధతని నాన్న ఎంత సంతోషపడ్డాడో! కింద బేరుఫ్యోర్దుర్ అనే సముద్రపు పాయ నీళ్లు, పక్కన మెట్లు మెట్లుగా దూకే వాగు. చూడ్డానికి నాకు వీల్లేదు, అమ్మ చూసి చెప్పింది.

పైకి చేరగానే మబ్బు దిగింది. నిమిషంలో బానెట్ తప్ప ఏమీ కనపడలేదు. నాకు చెమటలు పట్టాయి. "ఆపనా?" అన్నాను. "రోడ్డు మధ్యలో ఆపితే వెనకవాడు వచ్చి కొడతాడు. పచ్చ గుంజలు చూడు" అన్నాడు. మా ప్రాంతంలో పసుపుని పచ్చ అనే అంటాం. ఆ గుంజలు ఒక్కోటీ మబ్బులోంచి బయటికి వస్తున్నాయి. ఒక గుంజ దాటితే ఇంకోటి. ఇరవై కిలోమీటర్ల వేగంతో, ఒక్కో గుంజా నాన్న లెక్క పెడుతుంటే, అరగంటలో మబ్బు కిందికి దిగాం. "ఎక్కిన గేరులోనే దిగాలి" అని నా చిన్నప్పటి నుంచి ఆయన నోట వింటున్న మాట, ఆ రోజు చేతికి అర్థమైంది. కింద బండి ఆపి, దిగి, రోడ్డు పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. భయంతో కాదు. ఆయన ముప్పై ఏళ్లు రోజూ చేసిన పని ఇదీ అని, అది నాకు ఇన్నాళ్లూ తెలియలేదని.

ఉత్తరం వైపు త్వరగా గడిచింది. మీవాత్న్ దగ్గర హ్వేరిర్‌లో నేల కుతకుత ఉడుకుతోంది. గంధకం వాసనకి అమ్మ ముక్కు మూసుకుంది. అక్కడికి ముందే ఎదురు జీపు విసిరిన రాయి ముందద్దానికి తగిలి గోరంత నెర్రె పడింది. కంకర బీమా కట్టాం కాబట్టి చివర్లో ఒక్క క్రోనా అడగలేదు. అకురేరి ముందు 7.4 కిలోమీటర్ల వాద్లాహేది సొరంగానికి టోలు ఉంది కానీ టోలు గేటు లేదు, మనిషి లేడు. కెమెరా నంబరు చూసుకుంటుంది, 24 గంటల్లోపు మనమే ఆన్‌లైన్లో కట్టాలి. కట్టకపోతే అద్దె కంపెనీ ద్వారా అదనపు ఫీజుతో వస్తుంది. నేను పూర్తిగా మర్చిపోయాను. రాత్రి పదింటికి నాన్న లెక్కలు రాస్తూ "సొరంగం డబ్బులు?" అని అడిగాడు కాబట్టి బతికిపోయాను.

అకురేరి దాటాక ఒకచోట రోడ్డంతా గొర్రెలు. వేసవంతా కొండల్లో వదిలేసిన మందల్ని సెప్టెంబర్‌లో ఊరంతా కలిసి గుర్రాల మీద తోలుకొస్తారు. పెద్దవాళ్లు, పిల్లలు, అందరూ ఊళ్లో తిరునాళ్లకి వచ్చినట్టున్నారు. ముప్పావు గంట ఆగాం. ఒక్క కారు హారన్ కొట్టలేదు. నాన్న ఇంజను ఆపించి, దిగి, నిలబడి చూశాడు. మా తాతకి గొర్రెలుండేవి.

ఎనిమిదో రోజు బోర్గార్‌నెస్ దగ్గర హాఫ్నార్‌ఫ్యాట్ల్ కొండ కింద రోడ్డు పక్క డిజిటల్ బోర్డు మీద గాలి సెకనుకి 19 మీటర్లని చూపించింది. నేను అడగకుండానే బంకులో బండి ఆపాను. రెండు గంటలు టీ తాగుతూ కూర్చున్నాం. గాలి 11 మీటర్లకి దిగాక కదిలాం. నాన్న ఏమీ చెప్పనవసరం రాలేదు.

కారు అప్పగించాక ఆయన పుస్తకంలో ఉన్న లెక్క 1,874 కిలోమీటర్లు. తొమ్మిది రోజులకి ఇది ఎక్కువే. మళ్లీ వెళ్తే పన్నెండు రోజులు పెట్టుకుంటాను, కనీసం రెండు రాత్రుల బస రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకుంటాను. గాలి కోసం ఆగే రోజును లెక్కలోనే వేసుకోవాలి.

నాన్నావాళ్లు ఊరికి వెళ్లిపోయిన నెలకి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఒంగోలు వెళ్లి, రవాణా శాఖ ఆఫీసులో ఫారం 4ఏ నింపి, వెయ్యి రూపాయల ఫీజు కట్టి తెచ్చుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఏడాది పాటు చెల్లుతుంది. ఫోటో కింద రాశాడు: "ఈసారి ఓక్సి నేను తోలతా. నువ్వు వాగు చూడు."